ఎడమకాలికి పని లేదు

ఆటోనగర్లో మూడు రోజులు నన్ను చూసి నవ్వేరు.
"పులికి పళ్ళు పీకి పెరుగన్నం కలుపుతున్నాడ్రా"
అన్నాడు పక్క షెడ్డు లేతు మాణిక్యాలు.
నేను మాట్లాడలేదు. నోట్లో బోల్టులున్నాయి.

బండి లాన్సర్. ఎరుపు.
ఉప్పుగాలికి తలుపుల అంచులు పొక్కిపోయినా
కాలు ఆనిస్తే చాలు
బానెట్ కింద టర్బో కుక్కర్‌లా ఈలేసేది.
ఐదు గేర్లూ గొర్లె భానోజీ ఎడమచేతిలో
పేకముక్కల్లా ఆడేవి.

పోర్టులో, బెర్తు దగ్గర,
తెగిన మూరింగు తాడు
అతని ఎడమ మోకాలిని ఎంచుకుంది.
రెండు ఆపరేషన్లు, ఒక స్టీలు పలక, ఏడు మరలు.
డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు.
క్లచ్ మాట ఆయన ఎత్తలేదు,
భానోజీ అడగలేదు.
నా దగ్గరకొచ్చి తాళాలు బల్లమీద పెట్టి
"అమ్మీమంటన్నారు ఇంట్లో. నాను అమ్మను.
నువ్వే ఏటో ఒకటి సెయ్యి" అన్నాడు.

పుదుపేట నుంచి లారీలో వచ్చింది ఆటోమేటిక్ పెట్టె,
గోనెపట్టా చుట్టుకుని,
నలుగురు మోస్తే గానీ కదలనంత బరువుగా.
పాతది దించేం.
ఫ్లైవీలు మీద నీలం మచ్చలు,
క్లచ్ ప్లేటులో మాడువాసన.
తొమ్మిదేళ్ళ తెల్లవారుజాములు అందులో ఉన్నాయి,
కూరలో ఉప్పులా, కనపడకుండా.

దాని చోట టార్క్ కన్వర్టరు:
నూనెలో ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు.
ఒకటి తిరిగితే ఆ నూనె రెండోదాన్ని తిప్పుతుంది.
ఒకదాన్నొకటి ముట్టుకోవు.
ముట్టుకోకుండా బండి నడపడం నాకూ కొత్తే.

వైరింగుకే ఆరు రాత్రులు.
గేరు మారుస్తానంటుంది కంప్యూటరు, ఇంజను వినదు.
ఒకే ఇంట్లో పలకరించుకోని అన్నదమ్ములు.
ఏడో రాత్రి ఎల్లాజీ కనిపెట్టేడు,
పచ్చతీగె, తెల్లచార పచ్చతీగె ఒకటి కావని.
పదహారేళ్ళ గుంటడు.
ఆ పొద్దు వాడికి ఇంకో ప్లేటు ఇడ్లీ చెప్పేను.

పెడళ్ళ దగ్గర తగువొచ్చింది.
"క్లచ్ పెడలు ఒగ్గీ. దేనికీ తగిలించకు. ఊరికే ఉండనీ."
"బ్రేకు వెడల్పుది పెట్టాలి, చోటు చాలదు."
"నీకు చోటు. నాకు కాలు."
అయినా పీకేసేను.
మిగిలిన కన్నానికి రేకు అతికి సీలెంటు పూసేను.
నా బొటనవేలి ముద్ర పడింది. చెరపలేదు.

ఆదివారం, మంచు విడవకముందే, యారాడ కొండకి.
సింధియా దాటేక రోడ్డు పైకి లేచింది.
కింద రేవులో క్రేన్ల దీపాలు ఇంకా ఆర్పలేదు.
బండి తనే ఒకటి, తనే రెండు.
ఎక్కడ ఊపిరి పీల్చాలో తనే చూసుకుంటోంది.
భానోజీ ముఖం
కొత్తల్లుడి పక్కన కూర్చున్న మావగారిలా ఉంది.

మూడో మలుపు.
అతని ఎడమకాలు, ఎవర్నీ అడక్కుండా,
క్లచ్ కోసం దిగింది.
అక్కడ బ్రేకుంది.

మేకు కొట్టినట్టు ఆగింది బండి.
వెనక ఎల్లాజీ నుదురు సీటుకి కొట్టుకుంది.
ఇంజను ఆగలేదు. అదే విచిత్రం.
పాతదైతే ఆగిపోయేది, ఒళ్ళు విదిలించేది,
మళ్ళీ తాళం తిప్పమనేది.
ఇది ఓపిగ్గా మూలుగుతూ నిలబడింది.
ఎవరం మాట్లాడలేదు.
జీడితోటలోంచి ఎవరిదో దగ్గు.

భానోజీ వంగి ఎడమకాలి చెప్పు విప్పేడు.
నా ఒళ్ళో పెట్టేడు.
"ఉత్తకాలైతే గుర్తుంటాది దానికి" అన్నాడు
పాదాన్ని చేత్తో వెనక్కి జరుపుకుంటూ.
అప్పుడు కుడికాలు నేలదాకా తొక్కేడు.

టర్బో ఈలేసింది.
నాలుగో మలుపు, ఐదో మలుపు.
ఎడమచెయ్యి మాత్రం
ప్రతి మలుపుకీ లివరు మీదకెళ్ళి
అక్కడ పనేమీ లేక
తొడమీదికి తిరిగొచ్చేది.
పైన సముద్రం కనిపించేక ఆపేడు.
బాగుందా అని నేనడగలేదు.
"అమ్మక్కర్లేదు" అన్నాడు.

పాత గేరుబాక్సు తీసుకెళ్ళలేదు. డబ్బూ అడగలేదు.
నా బల్లకింద ఉంది, కేబుళ్ళతో, లివరుతో.
దాని తలమీద మూడంకె అరిగి తెల్లబడింది.
షెడ్డు మూసేముందు ఎల్లాజీ పక్కన చతికిలబడి,
ఎడమకాలు గాల్లో తొక్కి,
ఒకటి, రెండు, మూడు వేస్తాడు
నోటితో ఇంజను చప్పుడు చేస్తూ.
నాలుగుకి తొందరపడతాడు.
ఆగరా, అంటాను.
అది పిలిచినప్పుడు వెయ్యి.