రెండున్నర గంటలు

కడప పాత బస్టాండు పక్క సందులో
జిరాక్సు మిషనుకూ చెప్పులు కుట్టే ఓబులేసుకూ నడుమ
నా టికెట్ల కొట్టు.
గోడకు రెండు గడియారాలు.
ఒకదాని కింద కడప, ఇంకోదాని కింద కువైట్ అని
నేనే స్కెచ్ పెన్నుతో రాసినా.
పద్దెనిమిదేళ్లుగా దూరాలు అమ్ముతున్నా,
విమానం మెట్టు మాత్రం ఎక్కలేదు.

ఎంత దూరమని అడిగేవాళ్లు తక్కువ.
ఎంతసేపు అంటారు,
సూదిమందుకు ముందు నొప్పి గురించి అడిగినట్టు.

దస్తగిరమ్మ రెండూ అడిగింది.
చక్రాయపేట పక్క పల్లె. ఖద్దామా వీసా.
పాస్‌పోర్టును యూరియా సంచి ముక్కలో చుట్టి తెచ్చింది.
మద్రాసు నుంచి కువైట్‌కు
మూడువేల ఏడువందల ఎనభై కిలోమీటర్లన్నా.
ఆ అంకె ఆమె ముఖంలో ఎక్కడా ఆనలేదు.
నాలుగు ముక్కాలు గంటలన్నా.
"అంతేనా!
మూడు బస్సులు మారి మా చిన్నమ్మ దినానికి పోతే
ఇంతకంటే ఎక్కువ పట్టిండ్లా!"

పొద్దున ఆరుకు లేచే విమానం
ఎనిమిదుంబావుకు దిగుతుందని చీటీ రాసిచ్చినా.
వేళ్లు ముడిచింది, విప్పింది, మళ్లీ ముడిచింది.
"లెక్క తప్పింది సారూ.
రెండున్నర గంటలు యాడికి పొయినాయి?"

పేపర్‌వెయిట్‌ను భూమిలా తిప్పి చూపించినా.
మనకు పదయితే వాళ్లకు ఏడున్నరే,
ఎండ అక్కడికి నిదానంగా పోతాది.
వింటూనే ఆమె వేరే లెక్క కట్టుకుంది.
"అయితే నాకు రెండున్నర గంటలు మిగిలినట్టే గదా?"
వచ్చేటప్పుడు కోసుకుంటార్లే, అన్నా.
"అట్ల చెప్పు. అప్పు. వడ్డీ ఎంతంట?"
ఇద్దరం నవ్వినాం.
ఓబులేసు కూడా సుత్తి ఆపి నవ్వినాడు.

టికెట్టులో రాయనివి చానా ఉంటాయి.
నందలూరు, రాజంపేట, కోడూరు దాటుకుంటూ
ఒళ్లో బ్యాగుతో ఏడు గంటల బస్సు.
ఫారం నింపేదానికి పక్కవాణ్ణి బతిమాలిన అరగంట.
ఆ ఇంటి నాలుగో అంతస్తు వంటగదికీ
వీధి గేటుకూ నడుమ ఎన్ని నెలలో
నా కంప్యూటరు చెప్పదు.

నాలుగేళ్లలో
కువైట్ గడియారం మూడూ పదికి ఆగిపోయింది.
బ్యాటరీ మార్చలేదు.
అందరి చేతుల్లోనూ సెల్లులే,
గోడకేసి చూసేదెవరు?

మొన్న వచ్చింది దస్తగిరమ్మ.
చెంపల పక్క జుట్టు నెరిసింది.
ఓబులేసుకు టైగర్ బామ్ సీసా ఇచ్చింది.
కొట్లోకి రాంగానే గోడను చూసింది.
"ఇదేంది సారూ, మా టైము చచ్చిపోయింది?"
మా టైము అనింది.
పక్కంగడి నుంచి పెన్సిల్ సెల్లు కొనుక్కొచ్చి
స్టూలెక్కి వేసింది.
కడప గడియారం వైపు చూడకుండానే
ముల్లు తిప్పి సరిగ్గా నిలిపింది.

ఊరికే ఉండలేక అడిగినా,
రెండున్నర గంటలు కోసుకున్నారా అని.
"కోసుకున్నారు.
కిటికీ పక్క సీటు. సగం రాత్రికే తెల్లారిపోయింది."
మరి వడ్డీ?
ఆమె నవ్వలేదు.
బయట ఓబులేసు సుత్తి ఆగలేదు.

బెంచీ మీద ఎర్రముక్కపల్లె పిల్ల,
కొత్త పాస్‌పోర్టు, అట్ట ఇంకా మెత్తబడలేదు.
ఎంతసేపు సార్, అనింది.
కీబోర్డు మీదికి పోయిన నా చేతులకంటే ముందే
దస్తగిరమ్మ పక్కన కూర్చుంది.

"విమానం ఏమంత దూరం కాదు పాపా.
ఇంటికి శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేసుకో.
ఆపొద్దు వాళ్లు నిద్రపోతారు."