తోలు బాకీ

మంగళవారం ఎరుపు, గురువారం ఆకుపచ్చ.
అయోవాలో ఈ వృద్ధాశ్రమం వంటగదికి
వారాలు జెల్లో రంగుల్లోనే తెలుస్తాయి.
మరిగే నీళ్ళలో పొడి పోసి, గరిట తిప్పి
ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు గంటలు మరిచిపోతాను.
తీసి బల్లమీద పెడితే వణుకుతుంది
పదకొండో గదిలో హాల్వర్ గడ్డంలా.

ముసలాయన ఇంకేదీ ముట్టడు.
మాంసం పళ్ళెం వెళ్ళినట్టే తిరిగొస్తుంది.
నడుం కింద పడకపుండు,
అర్ధ డాలరు బిళ్ళంత.
మూడు నెలలుగా మూతపడనని భీష్మించుకుంది.

డైటీషియన్ లెనోరా
కాగితం మీద వేలు పెట్టి చూపించింది:
గ్లైసిన్ దండిగా ఉంది, ప్రోలీన్ ఉంది,
చర్మం అల్లుకోడానికి పనికొచ్చే నూలే.
ట్రిప్టోఫాన్ మాత్రం సున్న.
చుట్టాలందరూ దిగారు,
పెళ్ళికొడుకు రాలేదు.
అదీగాక గిన్నెకి రెండు గ్రాములు.
రెండే.

ఈ మాట ఆయనకి చెప్పబోయాను.
"నాకా చెప్తావు?" అన్నాడు.
"సున్నపు తొట్లలో ఎద్దుతోళ్ళు నానేసి
ముప్పయ్యొక్కేళ్ళు తిరగేసిన చేతులివి.
ఆ కంపుకి మా ఆవిడ
నా చొక్కాలు వరండాలోనే విప్పించేది.
ఇంత చెర్రీ వాసన ఎక్కణ్ణించి తెచ్చారో మీరు!"
చెంచాతో ఎర్రముక్కని తట్టి
అది వణకడం మానేదాకా చూశాడు.
"అన్ని తోళ్ళు గీకాను.
ఇప్పుడు నా తోలుకి చిల్లు పడింది.
వాటినే కదా అడగాలి."

ఏమనాలో తెలియక
చేతిలో ఉన్న చల్లని పాలు
ఆయన గిన్నెలో పోసేశాను.
ఎరుపు పగుళ్ళలోకి తెలుపు పాకింది.
"నన్ను చంటిపిల్లాణ్ణి చేశావు" అని తిట్టాడు.
తిడుతూనే గిన్నె ఎత్తి అడుగుదాకా తాగాడు.
మర్నాడు పాలు లేకుండా తెస్తే
"ఇదేంటి, బోడిగా?" అన్నాడు.

లెనోరా పాలలో గుడ్డుసొన గిలక్కొట్టి
కస్టర్డ్ చెయ్యమంది. చేశాను.
దాన్ని మాత్రం కిటికీగట్టు మీదికి నెట్టేశాడు.

ఐదు వారాలకి నర్సు
కాగితపు స్కేలు ఆనించి కొలిచి
రెండు మిల్లీమీటర్లు తగ్గిందంది.
పాలవల్లో, పరుపు మార్చినందువల్లో
నాకు తెలీదు.
"స్కేలు వంకరగా పెట్టావు" అన్నాడాయన
గోడవైపు తిరిగి పడుకునే.

పాలసీసా మీద పదకొండు అని రాసి
ఫ్రిజ్ తలుపులో పెట్టాను.
రేపు ఆకుపచ్చ.