నాలుగుంబావు

వేక్‌ఫీల్డ్‌లో రాత్రిపూట
ఎవరి గుండె తడబడినా ముందు నా చెవిలోనే తడబడుతుంది.
"అంబులెన్స్. పేషెంట్ ఊపిరి తీస్తున్నారా?"
అని అడగడం నా ఉద్యోగం.
పన్నెండు గంటలు, మూడు తెరలు, ఒక హెడ్‌సెట్,
మోచేతి పక్కన జెల్లీ బేబీల పొట్లం.

ఎర్రవి ముందు అయిపోతాయి.
తర్వాత నల్లవి.
పచ్చవి ఎవరికీ నచ్చవు,
మూడు దాటాక అవీ నచ్చుతాయి.
ముసలాయనెవరో మెట్ల మీంచి జారాడు: ఒక గుప్పెడు.
చిన్నపిల్ల, చాలా మర్యాదగా, "అమ్మ లేవట్లేదండీ" అంది.
ఆ కాల్ అయ్యాక ఎన్ని తిన్నానో లెక్కపెట్టలేదు.
ఆ అమ్మ లేచిందని కబురు తెచ్చిన డెనీస్‌తో
"నీ నోట్లో పంచదార పొయ్య" అన్నాను తెలుగులోనే.
అర్థం చెబితే
తన సొరుగు లాగి చూపించింది,
పోసుకుంటూనే ఉన్నాం కదే, అని.

నాలుగుంబావుకి వస్తుంది అది.
వేళ్ల చివర్ల చీమలు,
మెడ వెనక సన్నటి చెమట,
గుండెని ఎవరో బయటి నించి బాదుతున్నట్టు కాదు,
లోపల చిక్కుకుపోయినవాళ్లు బాదుతున్నట్టు.
టాయిలెట్‌లో చల్లటి పలకలకి నుదురు ఆనించి
నన్ను నేనే అడిగాను,
పేషెంట్ ఊపిరి తీస్తున్నారా?
ఒకసారి ఫోన్ తీసి రెండు తొమ్మిదులు నొక్కాను కూడా.
మూడోది నొక్కితే
తిరిగి తిరిగి మోగేది
నా ఖాళీ కుర్చీ ముందే.

డాక్టర్ ఒకాఫర్ ఈసీజీ కాగితం మడిచి
గుండెకేం లేదన్నాడు.
"రాత్రి ఏం తింటావు?"
బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను.
అక్షరాలా.

భయమంతా చక్కెరే అనలేదు ఆయన.
అవన్నీ విన్నాక భయం వేయకపోతేనే వింత అన్నాడు.
కాకపోతే కొందరికి
ఎక్కిన చక్కెర దిగేటప్పుడు ఒళ్లు వణుకుతుంది,
వణికే ఒంటికి మనసు ఒక కారణం వెతుకుతుంది.
నీ దగ్గర కారణాలకేం కొదవ?
ఒక పుస్తకం పెట్టుకో, తిన్నదీ వచ్చిందీ రాయి.

సోమవారం. డోనట్లు రెండు, కోలా. నాలుగుంబావు. వచ్చింది.
మంగళవారం. పెరుగన్నం, వేయించిన శనగలు. ఐదింటికి వచ్చి, గుమ్మంలో నిలబడి పోయింది.
బుధవారం. పంతానికి ఏమీ తినలేదు. రెండింటికే వచ్చింది.
గురువారం. రాయలేదు. ఏం తిన్నానో నాకు తెలుసు.

ఫిబ్రవరిలో డెనీస్ ఒక కట్ట తెచ్చిచ్చింది,
వాళ్ల అన్న షెడ్డులో చీకట్లో పెంచిన రబర్బ్.
వెలుతురు సోకనివ్వరట,
కొవ్వొత్తులు పెట్టుకుని కోస్తారట,
చెవి ఒగ్గితే పెరిగే చప్పుడు
టిక్కు టిక్కుమని వినిపిస్తుందట.
నాలాగే నైట్ డ్యూటీ అనుకున్నాను.
"ఆకులు విషం, పారెయ్. కాడలకి సగానికి సగం పంచదార..."
అంటూనే నాలిక కరుచుకుంది.

తెల్లారి ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే
ఒక ముక్క పచ్చిగా కొరికాను.
చుక్కకూర!
ఒక కన్ను మూసుకుపోయి
దవడల కింద నీళ్లూరి
ఒళ్లంతా ఒక్కసారి జలదరించింది,
ఏ భయమూ లేకుండా.

కందిపప్పులో వేశాను.
నాలుగు పచ్చిమిరపకాయలు చీరి, ఇంగువ పోపు పెట్టి
రాత్రికి డబ్బాలో పట్టుకెళ్లాను.
డెనీస్ చెంచాడు తిని దగ్గింది.
కళ్లు తుడుచుకుని ఇంకో చెంచా అడిగింది.

నాలుగుంబావు అయింది.
గడియారం వైపు చూశాను,
చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టం కోసం చూసినట్టు.
డ్యూస్‌బరీ నించి కాల్.
గుండె కాస్త వేగంగానే కొట్టుకుంది,
కొట్టుకోవాల్సినంత.
పొట్లంలో పచ్చవి మూడు మిగిలే ఉన్నాయి.
ఒకటి తిన్నాను.
"అంబులెన్స్. చెప్పండి."