పన్నెండో తాళం

చెల్పూరు దాటినంక రాత్రి రెండున్నరకు
మంచుల చిమ్నీ ఎర్రదీపం ఒక్కటే కనబడుతది.
కంట్రోల్ రూం గోడబోర్డుకు పన్నెండు కొక్కేలు.
పదకొండు తాళాలు వాపసొచ్చినయ్.

పన్నెండోది ఇంకా కింద
బొగ్గు మిల్లు బ్రేకర్‌ను కరుచుకొని ఉన్నది.
దానిమీద అంటించిన ఫోటోల
మొగిలి ఓదెలు మొఖం మసికి చెరిగిపోయి
రెండు చెవులు మాత్రం మిగిలినయ్.

హైదరాబాద్ నుంచి మూడోసారి ఫోన్:
"ఇంకెంతసేపయ్యా? లోడ్ ఎప్పుడు ఎక్కిస్తరు?"
ఓదెలు ఫోన్ స్విచాఫ్.
షిఫ్టు బస్సు ఎప్పుడో రేగొండ దిక్కు పోయింది.

ముందు నా తాళం కూడ ఏసి
టార్చి పట్టుకొని మిల్లుల తల పెట్టిన.
మూడు రోలర్లు, పండుకున్న బర్లలెక్క.
"ఓదెలూ" అన్న.
ఇనుము నా గొంతునే నాకు తిరిగిచ్చింది.

"స్టోర్ల కట్టర్ ఉన్నది సార్,"
కొత్తగొచ్చిన శ్రీచరణ్ అన్నడు,
"లోపల ఎవ్వరు లేరు గద. నిమిషం పని."

నిమిషం పనే. నాకు తెలుసు.
ఇరవై రెండేండ్ల కింద, వేరే ప్లాంటుల
ఒక తాళం కోసిన చేతులు ఇవ్వే.
లోపల ఎవ్వరున్నరో చూడలే.
ఎవ్వరు లేరు.
ఏం కాలే.
పొద్దున పెద్దసారు భుజం తట్టి
మనిషంటే గిట్లుండాలె అన్నడు.
అదృష్టానికి అనుభవమని పేరు పెట్టుకొని
ఇంకో నాలుగు కోసిన.
ఐదోదాని సంగతి
శ్రీచరణ్‌కు చెప్పలే.

"జీపు పంపు" అన్న.

మీటరు మీద మెగావాట్లు
తక్కువకే నిలబడ్డయ్.
శ్రీచరణ్ గోళ్లు కొరుక్కుంట ఒకసారి గడియారం దిక్కు,
ఒకసారి నా దిక్కు.

మూడూ నలభైకి ఓదెలు దిగిండు,
లుంగీ మీదనే, స్వెట్టర్ తిరగేసి తొడుక్కొని.
మొలతాడుకు కట్టిన తాళంచెవి ముడి ఊడిరాక
బ్రేకర్ ముందట మోకాళ్లు వంచి
నడుముతోనే తాళం తీసిండు.
"తిడుతవా సారూ?"

ఛాయ్ పోసిచ్చిన.
డెబ్బై నిమిషాలకు లెక్క చెప్పమని
నాకు మెమో వస్తది. రాస్త.
కింద మిల్లు గురగురమని లేసింది,
చేతుల గ్లాసు సన్నగ వణికింది.

"రేపు కొత్త ఫోటో తేవాలె ఓదెలూ,
ఇండ్ల నీ మొఖమే లేదు."

తాళాన్ని ట్యూబులైటు కింద పట్టి
అటు తిప్పి ఇటు తిప్పి చూసి,
పన్నెండో కొక్కేనికి తగిలించుకుంట అన్నడు:
"చెవులు నాయే గద సారూ."