మినిట్స్

విచారణకి మూడు కవర్లొచ్చాయి.
వృద్ధుల సమాఖ్య, పాడిరైతుల వేదిక,
ఎవరో ప్రొఫెసర్ గారి అరవై పేజీలు.
కౌంటీ సొంతంగా ఫైబర్ వేసుకుంటే
కొంప మునుగుతుందని ముగ్గురి బెంగ.
ముగ్గురూ
మా కెంటకీ కొండల కౌంటీ పేరులో
అదే ఒక్క అక్షరం మింగేశారు.

డ్రీమా స్టాంపర్ లేచింది.
మూసేసిన లైబ్రరీ బయట, మంచులో,
కారు ఇంజను ఆపకుండా
రాత్రిళ్లు హోంవర్కు పంపే సంగతి చెప్పింది.

కేబుల్ కంపెనీ లాయరు గొంతు సవరించుకున్నాడు:
"మీ వెనకాల ఎవరున్నారమ్మా?"
"మా అమ్మాయి. వెనక సీట్లో."

నవ్వులు, అని బ్రాకెట్లో రాశాను.
పద్ధతి ప్రకారం అచ్చుతప్పులు దిద్దాలి నేను.
కామాలు దిద్దాను, తేదీలు దిద్దాను.
ఆ అక్షరాన్ని మాత్రం
మూడుచోట్లా
లేకుండానే ఉండనిచ్చాను.