తెల్లసొన

దేవరకొండ బస్టాండు పక్క నా ఆమ్లెట్ బండి.
రోజుకు ఏడు ట్రేలు పగలగొడ్త.
తెల్లసొన ఎంత చిక్కగుంటదో
నా వేళ్లకు తెలుసు.

ఇందుజకు ఏడేండ్లు.
పొద్దుగాల కండ్లు తెరుచుకోవు,
రెప్పలు నీళ్ల సంచులు.
సాక్సు విప్పితే పిక్క మీద
తాడు కట్టి ఇప్పినట్టు గీత.

నల్లగొండ పెద్దాసుపత్రిల డాక్టరమ్మ
కాగితం మీద వేలు పెట్టింది:
అల్బుమిన్ ఒకటి పాయింట్ నాలుగు.
మూడున్నర ఉండాలంట.
"నెత్తుర్ల ఉండేది మూత్రంల పోతుంది."
"గుడ్లు పెట్టాల్నా అమ్మా? నాకు గుడ్ల బండే ఉంది."
ఆమె నవ్వలేదు.
"జల్లెడకు చిల్లువడ్డది. ఎంత పోసినా ఏం లాభం,
చిల్లు పూడాలె."

ఇప్పుడు తెల్లారంగనే
గాజు గొట్టంల దాని ఉచ్చ పట్టి
పొయ్యి సెగకు కాగబెడ్త.
తెల్లగ గడ్డకడితే మూడు ప్లస్సులు,
మబ్బు పట్టినట్టుంటే ఒకటి.
సునంద రాస్తది,
ఉద్దెర లెక్కల బుక్కు ఎనుక పేజీల.

గోలీలకు మొఖం గుండ్రమైంది.
"పిల్ల మంచిగ ఒళ్లు చేసింది" అంటరు చుట్టాలు.
నేను పెనం గీక్కుంట ఉంట.

పదకొండో నాడు
గొట్టం ఎత్తి దీపానికి పట్టిన.
అవతల గోడ మీద
క్యాలెండర్ తారీఖు కనవడ్డది.
సునందను పిలువలే.
ఇంకోసారి కాగబెట్టిన.

"నాయినా, ఇయ్యాల ఏమొచ్చింది?"

"నీళ్లు బిడ్డా.
ఉత్త నీళ్లు."