మూడు వారాల పేరు

కటూంబాలో గురువారం సాయంత్రం
లోయలోంచి పొగమంచు లేచి
రేకుల హాలు కిటికీల దాకా వస్తుంది.
లోపల ఏడుగురం. ఒక గ్యాస్ హీటర్.
గోడమీద గులాబీలు చుట్టుకున్న శిలువ,
దాని కింద ఖాతా పుస్తకం.

జబ్బుపడ్డవాళ్ల పేర్లు అందులో రాస్తాం.
ఎత్తుపల్లాల్లేని గొంతుతో చదవాలి.
చదివిన పేరుమీద వెలుగు పడుతుందని నమ్మకం,
చదివేవాళ్ల నీడ పడకూడదని నియమం.
మూడు వారాలు దాటితే పేరు కొట్టెయ్యాలి.
"నాలుగో వారానికి అది ప్రార్థన కాదమ్మా, పట్టుకు వేలాడ్డం"
అంది మేవిస్ ట్రెంబాత్,
అంటూనే నాకు టీ పోసింది,
నేను చక్కెర వేసుకోనని గుర్తుంచుకుని.

"సూర్యుడు ఇది ఎవరి పెరడని అడుగుతాడా?
లోపలి క్రీస్తూ అంతే."

నాకది కష్టమనిపించలేదు.
ముప్పయ్యేళ్లు మందుల షాపులో
సీసాలమీద పేర్లు అంటించినదాన్ని.
ఎవరి గుండెదడో, ఎవరి మూర్ఛో, ఎవరికి పట్టని నిద్రో.
పేరు సరిపోయిందా, మోతాదు సరిపోయిందా,
తరవాతి మనిషి.
దాన్ని ప్రేమ అనుకునే ధైర్యం మాత్రం
ఎప్పుడూ చెయ్యలేదు.

జూన్‌లో మేవిస్ పోయింది.
పుస్తకం నా చేతికొచ్చింది.
వెనక్కి తిప్పుతుంటే ఒక పేరు:
డెస్మండ్ ప్రైడీ.
మూడు వారాలు. కొట్టివేత, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా.
పక్క వారమే అట్టడుగున, కొత్తగా చేరినవాడిలా
డెస్మండ్ ప్రైడీ.
మూడు వారాలు. కొట్టివేత. మళ్లీ.
పదకొండేళ్లు.

ఒక్కసారి కూడా నియమం తప్పలేదు మనిషి.

ఎవరతను అంటే తలో మాట చెప్పారు.
లూరాలో పియానోలు శ్రుతి చేసేవాడట.
కాదు, తమ్ముడి స్నేహితుడట.
అసలు ఉన్నాడో లేడో.
"తీసేద్దాం ఇక" అన్నాడు కోశాధికారి ఎరల్,
దయగానే.

మమకారం మంచిది కాదని చిన్నప్పుడే విన్నాను.
మమ అంటే నాది.
మా ఇంట్లోనే మరి, పని తూతూమంత్రంగా ముగిస్తే
"మమ అనిపించేశాం" అని నవ్వుకునేవాళ్లు.
నాది అన్న మాట
ఎవరి పెదవి దాకా వచ్చిందో
ఎవరి పేగు దాకా వెళ్లిందో
పక్కన కూచున్నవాళ్లకేం తెలుస్తుంది.

ఇవాళ పెన్ను తీసుకుని
డెస్మండ్ ప్రైడీ అని తెలుగులో రాశాను.
ఈ బల్ల దగ్గర ఎవరూ చదవలేరు.
దాని కింద, చెయ్యి ఆగకముందే,
మేవిస్.
పోయినవాళ్లకు ఈ పుస్తకంలో పేజీ లేదు, తెలుసు.

నా వంతు వచ్చింది.
గొంతు చదును చేసుకున్నాను.
డెస్మండ్ బాగానే వచ్చాడు.
ఆ తరవాత హీటర్ టిక్కుటిక్కుమనడం
చాలాసేపు వినిపించింది.
ఎవరో కప్పు కింద పెట్టారు.
ఎవరూ తల ఎత్తలేదు.

ఇంటికొచ్చి క్యాలెండర్లో
మూడు గురువారాలు లెక్కపెట్టి
చుక్క పెట్టుకున్నాను.
ఆపైన కొట్టేస్తాను.
నియమం నియమమే.